సి.ఆర్. రావు గారి లెక్కలు, మన వీధుల లెక్కలు

(సంస్థ వార్షిక సభలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఉపాధ్యాయుల తరఫున ఎవరో ఒకరు చదువు గురించి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. చదువు గొప్పదని మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఆ మాట నమ్మబట్టే మీరు డబ్బు ఇస్తున్నారు. అందుకని ఈసారి మేము ఒక లెక్కల మనిషి గురించి మాట్లాడదామనుకున్నాం. చివర్లో మన సంస్థ పనికి సంబంధించిన ఒక మాట కూడా ఉంది. అది కొంచెం చేదుగా ఉండవచ్చు. ముందే మన్నించమని అడుగుతున్నాం.

మేము బి.ఇడి. చదివిన రోజుల్లో మూల్యాంకనం పేపరు కోసం సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం సూత్రాలన్నీ బట్టీ పట్టాం. పరీక్ష అయిపోయాక మరిచిపోయాం. ఆ గణాంక శాస్త్రాన్ని ప్రపంచంలో మలుపు తిప్పిన కొద్దిమందిలో ఒకాయన మన తెలుగు ఊళ్లలో చదువుకున్నారని మాకప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది.

ఆయన 1920 సెప్టెంబరు 10న హూవిన హడగళిలో పుట్టారు. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు. కృష్ణుడు కూడా ఎనిమిదో సంతానమే కనుక రాధాకృష్ణ అని పేరు పెట్టారట. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కదా, పిల్లవాడి బడి కూడా మారుతూ వచ్చింది. గూడూరు, నూజివీడు, నందిగామ, చివరకు విశాఖపట్నం. మన దగ్గర కూడా తండ్రి పని వెతుక్కుంటూ ఊరు మారితే బడి మారే పిల్లలున్నారు. టి.సి. తెచ్చుకోవడం దగ్గరే సగం మంది చదువు ఆగిపోతుంది. ఆ పిల్లవాడి చదువు ఆగలేదు. అందుకు కారణం తల్లి లక్ష్మీకాంతమ్మ గారని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనె దీపం వెలిగించి, చదువుకోమని కూర్చోబెట్టేవారట. చాలా ఏళ్ల తర్వాత తాను రాసిన ఒక పుస్తకాన్ని ఆ దీపాన్ని తలుచుకుంటూనే అమ్మకు అంకితమిచ్చారు. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో ఫజర్‌కు ముందే లేచి పిల్లల్ని లేపేవాళ్లు ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు. పిల్లలు క్లాసులో ఆవలిస్తూ చెబుతారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. మొదటి తరగతిలో, మొదటి స్థానంలో పాసయ్యారు. ఇక్కడ కొంచెం ఆగుదాం. అంత బాగా పాసైన కుర్రవాడు అక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే, అది గడువు దాటి చేరిందని తిరస్కరించారు. తెలివికి లోటు లేదు, అర్హతకు లోటు లేదు, కాగితం ఆలస్యంగా చేరింది, అంతే. అవి యుద్ధం రోజులు. సైన్యంలో సర్వే విభాగానికి లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. వయసు చాలదని ఆ ఉద్యోగమూ రాలేదు. కలకత్తాలో దిగిన హోటల్లో ఒక దక్షిణాది ఆయన పరిచయమయ్యారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు వచ్చానని ఆయన చెబితే, అలాంటి చోటు ఒకటుందని రావు గారికి తెలిసింది. 1941 జనవరి 1న అక్కడ చేరారు.

ఒక్క పరిచయం వల్ల దారి దొరికింది. ఆ హోటల్లో ఆ మనిషి తగలకపోతే ఏమయ్యేదో అని మేము చాలాసార్లు అనుకున్నాం. ఎవరో ఒకరు చెబితే తప్ప సాయం ఎక్కడుందో తెలియని పిల్లలు మన చుట్టూ ఎందరో ఉన్నారు కనుక ఈ సంగతి కాస్త నొక్కి చెబుతున్నాం.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ను 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు స్థాపించారు. మన దేశంలో జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైందంటే అది ఆయన చలవే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకులన్నీ పట్టి చూడం కదా, ఒకటి నొక్కితే తెలుస్తుంది. దేశం లెక్క కూడా అలాగే కొద్ది ఇళ్లను చూసి తెలుసుకోవచ్చని ఆయన చేసి చూపించారు. అయితే ఒక షరతు ఉంది. గరిట పెట్టి కలిపి, అడుగు మెతుకు కూడా చూడాలి. పై మెతుకు ఒక్కటే చూసి దించేస్తే అన్నం చెడుతుంది. ఈ షరతు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

రావు గారు 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంక శాస్త్రంలో ఎం.ఎ. చేసి, అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు క్లాసులో ఒక అంచనాకు ఎంత కచ్చితత్వం ఉంటుందో చెప్పే ఫలితాన్ని వివరిస్తున్నారు. అది నమూనా చాలా పెద్దదైనప్పుడు వర్తించే ఫలితం. ఒక విద్యార్థి లేచి, మరి నమూనా చిన్నదైతే సంగతేమిటని అడిగాడు. రావు గారి దగ్గర వెంటనే జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. ఆ విద్యార్థి వి.ఎం. దాండేకర్, తర్వాత దేశంలో పేదరికం మీద పెద్ద అధ్యయనం చేసిన ఆర్థికవేత్త. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి "కూర్చోరా" అనడం మాకు అలవాటు కనుక ఈ కథ మాకు కొంచెం గుచ్చుకుంది.

ఆ ఫలితాన్ని 1945లో అచ్చు వేశారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ అనే ఆయన కూడా విడిగా అదే సాధించారు కనుక దాన్ని క్రామర్-రావు అసమానత అంటారు. అదే వ్యాసంలోని ఇంకో ఫలితాన్ని అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ అనే నల్లజాతి గణిత శాస్త్రవేత్త కూడా తర్వాత విడిగా కనుగొన్నారు. దానికి రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమని పేరు. సూత్రాలు ఇక్కడ రాయం, భయపడకండి. మొదటిదాన్ని మామూలు మాటల్లో చెబితే ఇంతే: మీ చేతిలో ఉన్న సమాచారంలో ఎంత సరుకు ఉందో అంతవరకే మీ అంచనా కచ్చితంగా ఉండగలదు. లెక్క వేసేవాడు ఎంత తెలివైనవాడైనా ఆ గీత దాటలేడు. రాడార్ దగ్గర్నుంచి ఆస్పత్రిలో స్కానింగ్ దాకా ఈ గీత చూసుకునే పని చేస్తారు.

ఆ తర్వాతి జీవితం త్వరగా చెప్పేస్తాం. 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లో తవ్వకాల్లో దొరికిన పాతకాలపు అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని మీద పంపారు. అక్కడే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర 1948లో పిహెచ్.డి. పూర్తి చేశారు. ఇంగ్లండులో ఉండిపోవచ్చు, కానీ తిరిగి వచ్చి ముప్ఫై ఏళ్ల పాటు కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. ఆయన శిష్యుల్లో ఎస్.ఆర్.ఎస్. వరదన్ గారికి 2007లో గణితంలో అబెల్ బహుమతి వచ్చింది. గురువుకు అంతకన్నా ఏం కావాలి? పదవీ విరమణ తర్వాత అమెరికా వెళ్లి అక్కడా పాఠాలే చెప్పారు. 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో గణిత, గణాంక పరిశోధన సంస్థ ఉంది. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది, అదీ 1945 నాటి వ్యాసానికి. డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత! అదే ఏడాది ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

ఇక అసలు విషయానికి వస్తాం. రావు గారు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అని మామూలు చదువరులకు కూడా అర్థమయ్యే పుస్తకం రాశారు. అందులో ఒక సంఘటన ఉంది. 1947లో ఢిల్లీలో అల్లర్లు జరిగినప్పుడు మైనారిటీ వర్గం వారు ప్రాణభయంతో ఎర్రకోటలో తలదాచుకున్నారు. కొద్దిమంది హుమాయూన్ సమాధి ఆవరణలో చేరారు. వాళ్లెవరో ఈ సభలో విడమరచి చెప్పనవసరం లేదు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరుకు వేసే పని కాంట్రాక్టర్లది. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు. వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి కాదు. కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెద్ద పెద్దవి వస్తున్నాయి. చివరకు గణాంక నిపుణులను పిలిచి, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పమన్నారు.

వాళ్ల చేతికి ఇచ్చినవి ఆ బిల్లులే. ఇన్ని బస్తాల బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు. మనిషికి రోజుకు బియ్యం ఎంత పడుతుంది, పప్పు ఎంత, ఉప్పు ఎంత అన్నది పాత సర్వేల వల్ల తెలుసు. బియ్యం మొత్తాన్ని మనిషి వాడకంతో భాగిస్తే ఒక జనసంఖ్య వస్తుంది. పప్పును భాగిస్తే ఒకటి, ఉప్పును భాగిస్తే ఇంకొకటి. బిల్లులు నిజమైతే మూడూ దాదాపు ఒకటే రావాలి. రాలేదు. బియ్యం చెప్పిన సంఖ్య అన్నిటికన్నా పెద్దది, ఉప్పు చెప్పింది అన్నిటికన్నా చిన్నది.

ఎందుకో వ్యాపారం తెలిసిన మీకు ఇట్టే అర్థమవుతుంది. అప్పట్లో బియ్యం ఖరీదైన సరుకు. నాలుగు బస్తాలు ఎక్కువ రాసుకుంటే లాభం. ఉప్పు చవక. ఉప్పులో అబద్ధం ఆడి ఎవడు బాగుపడతాడు? కనుక ఉప్పు లెక్కనే నమ్మమని నిపుణులు చెప్పారు. హుమాయూన్ సమాధి దగ్గర ఉన్నది కొద్దిమందే కనుక అక్కడ ఈ పద్ధతిని సరిచూడగలిగారు, లెక్క సరిపోయింది. ఈ సంగతి తనకు ఇన్‌స్టిట్యూట్‌లో చాలాకాలం పనిచేసిన జె.ఎం. సేన్‌గుప్తా గారి వల్ల తెలిసిందని రావు గారు రాశారు. ఇది చదివిన తర్వాత మాకు ఇఫ్తార్ విందు వంటమాస్టర్ ఇచ్చే సరుకుల చీటీ చూసే కన్ను మారింది. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. ఆయన ఉప్పు లెక్కా బియ్యం లెక్కా ఎప్పుడూ కలుస్తాయి.

రావు గారి ఇంకో లెక్క మాకు ఇంకా దగ్గరగా వచ్చింది. ఆయన మన దేశంలోనూ బయటా అనేక నగరాల్లో క్లాసుల్లోని మగపిల్లలను ఒక ప్రశ్న అడిగారు: మీ ఇంట్లో నీతో కలిపి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు? అన్నీ కూడితే ఎక్కడ చూసినా మగపిల్లలు సగానికి బాగా మించి వచ్చారు. దేశంలో ఆడపిల్లలు అంత తక్కువా? కాదు. అడిగిన తీరులోనే తిరకాసు ఉంది.

నాలుగు ఇళ్లు అనుకోండి. ఇంటికి ఇద్దరేసి పిల్లలు. మొదటి ఇంట్లో ఇద్దరూ మగపిల్లలు. రెండో ఇంట్లో, మూడో ఇంట్లో ఒక బాబు, ఒక పాప. నాలుగో ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలే. మొత్తం నలుగురు మగ, నలుగురు ఆడ, సమానం. ఇప్పుడు క్లాసులో మగపిల్లలనే అడుగుదాం. మొదటి ఇంటి నుంచి ఇద్దరు లేచి, ఒక్కొక్కరూ "మేమిద్దరం మగపిల్లలం" అంటారు. రెండు, మూడు ఇళ్ల నుంచి ఒక్కొక్కడు లేచి "నేనూ మా చెల్లీ" అంటారు. కూడితే మగ ఆరు, ఆడ రెండు! జవాబు చెప్పిన ప్రతివాడూ తనను తాను తీసేసి మిగిలినవాళ్లను లెక్కపెడితే సరిపోతుందని రావు గారు చూపించారు. తీసేయండి. మగ రెండు, ఆడ రెండు. నిష్పత్తి సరిగ్గా సగానికి వచ్చింది.

ఈ లెక్కను మా తొమ్మిదో తరగతిలో చేయించాం. పిల్లలు సంబరపడ్డారు. ఆ వెనక బెంచీలో కూర్చున్నవాడు ఒకడు అడిగాడు: "నిష్పత్తి సరిపోయింది సరే టీచర్, మరి నాలుగో ఇల్లు ఏది?"

నిజమే. ఆ ఇద్దరు ఆడపిల్లల ఇల్లు మన లెక్కలో ఎక్కడా లేదు. ఎంత దిద్దినా ఆ ఇల్లు క్లాసులోకి రాదు, ఎందుకంటే ఆ ఇంటి నుంచి లేచి జవాబు చెప్పేవాడు లేడు. రావు గారి గీత ఇదే కదా. చేతికి రాని సమాచారాన్ని ఏ తెలివీ పుట్టించలేదు.

ఆ సందర్భంలోనే పిల్లలను ఇంకో మాట అడిగాం. మీ అక్కచెల్లెళ్లు ఇప్పుడు ఏం చదువుతున్నారని. "అక్క ఇంట్లోనే ఉంటుంది టీచర్, మగ్గం వర్క్ చేస్తుంది" అని ఒకడు, "మానేసింది" అని ఒకడు. లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాల్లేదు. ఆ పిల్లల్లో కొందరి ఇళ్లకు మన స్కాలర్‌షిప్ అందుతూనే ఉంది. మన పుస్తకంలో అవి "సాయం అందిన ఇళ్లు". కొడుకు ఫీజు కట్టాం, కూతురు ఏమైందో అడగలేదు. ఏటా ఈ వేదిక మీద నిలబడి, మనం సాయం చేసిన పిల్లలందరూ పాసయ్యారని చదివింది కూడా మేమే. అది అబద్ధం కాదు. అది పై మెతుకు.

తర్వాతి ఆదివారం మాలో నలుగురం మసీదు వెనక రెండు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగాం. నాలుగో ఇల్లు దొరికింది. భర్త పోయిన ఆమె, మిషను కుట్టుకుని బతుకుతోంది, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి ఎనిమిదితో ఆపేసింది. చిన్నమ్మాయి ఆరు చదువుతోంది. మన సంస్థ ఆఫీసుకు ఆ ఇంటికి మధ్య పట్టుమని మూడు వందల అడుగులు ఉండదు. "దరఖాస్తు ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగాం. ఆమె మాకేసి వింతగా చూసి అంది: "జుమా తర్వాత చెబుతారంట కదా టీచర్ గారూ. మా ఇంట్లో జుమాకు వెళ్లే మగవాళ్లు ఎవరున్నారు?"

దాతలూ, కమిటీ పెద్దలూ, ఆ మాట విన్నాక మాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లుగా మనం స్కాలర్‌షిప్ ప్రకటన శుక్రవారం నమాజు తర్వాత చేస్తున్నాం, మసీదు గోడకు కాగితం అంటిస్తున్నాం. అది ఎవరికి చేరుతుంది? మగవాళ్లున్న ఇంటికి. ఇద్దరు ముగ్గురు మగవాళ్లున్న ఇంటికైతే రెండుమూడు సార్లు చేరుతుంది. ఒక్క మగవాడు కూడా లేని ఇంటికి, అంటే అందరికన్నా ముందు చేరవలసిన ఇంటికి, ఎప్పటికీ చేరదు. ఎవరి మనసులోనూ చెడు లేదు. మగపిల్లలను మాత్రమే అడిగి ఆడపిల్లలను లెక్కపెట్టినట్టు అయింది, అంతే.

మీలో చాలామంది జకాత్ లెక్క ఎంత జాగ్రత్తగా వేస్తారో మేము చూశాం. బంగారం తూకం వేయిస్తారు, దుకాణంలో సరుకు విలువ కట్టిస్తారు, రావలసిన బాకీలు రాసుకుంటారు, నలభైలో ఒకటో వంతు పైసాతో సహా తీసి పక్కన పెడతారు. ఇచ్చేవైపు అంత పక్కాగా ఉన్న లెక్క పుచ్చుకోవలసినవాళ్ల వైపు మాత్రం గుమ్మం దగ్గరకు వచ్చిన ఫారాల కట్టతో ఆగిపోతోంది. ఇది మీ తప్పు కన్నా మా తప్పు. ఫారాలు పంచింది మేము, తీసుకున్నది మేము.

అందుకని కమిటీని కొన్ని మార్పులు అడిగాం, ఒప్పుకున్నారు. ఈ ఏడాది ప్రకటన మసీదులోనే కాకుండా బడిలో ఆడపిల్లల చేతికి, అంగన్‌వాడీ దగ్గర, రేషన్ షాపు దగ్గర, కుట్టు సెంటర్లలో కూడా ఇస్తాం. రాయడం రాని తల్లులకు ఫారం మేమే రాసి పెడతాం. చివరి తేదీ దాటి వచ్చిన ఫారాన్ని వెంటనే పక్కన పడేయకుండా, ఎందుకు ఆలస్యమైందో ఒక మాట అడిగి, విడిగా ఒక కట్ట కడతాం. విశాఖపట్నంలో ఒకప్పుడు ఆలస్యమైన ఆ దరఖాస్తును తలుచుకునే ఈ మాట అడిగాం. దీనికి కమిటీలో ఒకరిద్దరు ఒప్పుకోలేదు, గడువంటే గడువే అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, అకౌంటు ఎప్పుడో ఒకప్పుడు మూయాలి కదా. అందుకే ఆ కట్టకు పది శాతం డబ్బు మాత్రం ఆపి ఉంచమని సర్దుబాటు చేసుకున్నాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది వీధి లెక్క. ఊరంతా తిరగడం మా వల్ల కాదు. ఒక్కో వీధిలో ఒక చివర మొదలుపెట్టి ప్రతి అయిదో ఇంటి తలుపు తడతాం. తాళం వేసి ఉంటే ఇంకోసారి వెళ్తాం గానీ పక్కింటితో సరిపెట్టుకోం. పగలు తాళం వేసి ఉండేది పనికి పోయినవాళ్ల ఇల్లే. పిల్లలెందరు, ఎవరు ఎంతవరకు చదివారు, ఎక్కడ ఆగారు, ఇంట్లో సంపాదించేది ఎవరు. నాలుగే ప్రశ్నలు. మతం, కులం అడగం. ఏ వీధిలో ఆగిపోయిన చదువులు ఎక్కువగా కనిపిస్తే ఆ వీధిలో ఇల్లిల్లూ తిరుగుతాం.

ఆ మిషను కుట్టే తల్లి పెద్ద కూతురిని ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాం. లెక్కలంటే భయమంది. సాయంత్రం అరగంట మాలో ఒకరు వెళ్లి చెబుతున్నారు. చిన్నదానికి మీ స్కాలర్‌షిప్ మంజూరైంది.

ఇంకా ఏడు వీధులు మిగిలాయి. వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత బడి గేటు దగ్గర కలుస్తున్నాం. ఒంటరి ఆడవాళ్లున్న ఇళ్లకు వెళ్లాలి కనుక మీ ఇళ్లలోని ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు మాతో వస్తే పని సులువవుతుంది. ఫారాలు, పెన్నులు మేమే తెస్తాం.